నోటిపుండు తంటా

పొద్దున ఫోన్‌లో "ఫర్వాలేదు" అనబోయి ఆగిపోయాను. "ఫ" అనాలంటే పన్ను కింది పెదవికి తగలాలి. సరిగ్గా అక్కడే పుండు. చుట్టూ ఎర్రగా, మధ్యలో తెల్లగా, ఆవగింజంత. మొన్న తింటూ మాట్లాడుతూ నేనే కొరుక్కున్నాను లెండి.

గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు కలిపి పుక్కిలించాను. మొదటిసారి కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి మంట తగ్గింది. ఐసు ముక్క ఇంకా నయం, చప్పరించినంతసేపూ నొప్పి తెలియలేదు. తేనె కూడా రాశాను గానీ, నాలుక ఊరుకుంటుందా? నిమిషంలో నాకేసింది.

వీటితో పుండు మాయమైపోదని తెలుసు. వారం, పది రోజులు దానికి పట్టాల్సిందే. 3 వారాలు దాటితే మాత్రం డాక్టరు దగ్గరికే.

అప్పటిదాకా ఇంట్లో నాది మౌనవ్రతం. ఎవరూ బాధపడుతున్నట్టు లేరు.