పంటల ఉత్పత్తి పేపర్: మార్కులు పోయేది లెక్కల్లోనే

ఈ పేపర్‌కి థియరీ మూడుసార్లు తిరగేసి, లెక్కల్ని చివరి వారానికి వదిలేసేవాళ్లే ఎక్కువ. అలా వదలకండి. రోజూ రెండు లెక్కలు పుస్తకం మూసి, కాగితం మీద చివరిదాకా చేయండి.

అన్నిటికంటే ముందు ఎరువుల లెక్క. హెక్టారుకు నత్రజని-భాస్వరం-పొటాష్ 120-60-40 కిలోలు సిఫారసు అనుకోండి. యూరియా, డీఏపీ, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వాడాలి. ఇక్కడ భాస్వరంతోనే మొదలుపెట్టాలి. డీఏపీలో భాస్వరం 46 శాతం కాబట్టి 60ని 0.46తో భాగిస్తే 130.4 కిలోలు. అందులోనే 18 శాతం నత్రజని ఉంది, అంటే 23.5 కిలోలు అప్పుడే వచ్చేసింది. మిగిలిన 96.5 కిలోలకే యూరియా కావాలి. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి 0.46తో భాగిస్తే 209.8 కిలోలు. నత్రజనితో మొదలుపెడితే 120ని నేరుగా భాగించి 260.9 రాసేస్తాం, 51 కిలోలు ఎక్కువ. పొటాష్‌లో తికమక లేదు, మ్యూరేట్‌లో అది 60 శాతం కాబట్టి 40ని 0.60తో భాగిస్తే 66.7 కిలోలు.

ఇంకో జాగ్రత్త. సిఫారసులో భాస్వరం అంటే పీటూఓఫైవ్, అంటే దాని ఆక్సైడ్ రూపం. ప్రశ్నలో మూలకంగా ఒట్టి 'పీ' ఇస్తే ముందు 2.29తో గుణించాలి.

విత్తన మోతాదులో తప్పు జరిగేది యూనిట్ల దగ్గర. మొక్కజొన్నకు 60×20 సెంటీమీటర్ల ఎడం ఇస్తే మీటర్లలోకి మార్చి, 10,000ని 0.12తో భాగించండి: 83,333 మొక్కలు. వంద గింజల బరువు 25 గ్రాములైతే 20.8 కిలోలు. మొలక 90 శాతం, స్వచ్ఛత 98 శాతం అయితే 0.882తో భాగించాలి, 23.6 కిలోలు. చాలామంది గుణించేస్తారు. మొలక తగ్గితే విత్తనం ఎక్కువ కావాలి కదా, జవాబు 20.8 కంటే తగ్గిందంటే తప్పు చేసినట్టే.

నీటి లెక్కలో మర్చిపోయేది బల్క్ డెన్సిటీ, అంటే నేల సాంద్రత. ఫీల్డ్ కెపాసిటీ (నేల పట్టి ఉంచగల తేమ) 28, విల్టింగ్ పాయింట్ (మొక్క వాడిపోయే తేమ) 14 శాతం బరువు ప్రకారం ఇచ్చి, సాంద్రత 1.4, వేరు లోతు 30 సెంటీమీటర్లు అంటే మొక్కకు అందే నీరు 5.88 సెంటీమీటర్లు. 1.4 వదిలేస్తే 4.2 వస్తుంది. సెంటీమీటరు నీరు హెక్టారుకు 100 ఘనపు మీటర్లని గుర్తుంచుకుంటే మిగతాది సులువు.

ప్రాక్టికల్స్‌లో వరికీ, వరిలాగే కనిపించే కలుపు గడ్డి ఊదకూ తేడా తప్పకుండా చూసుకోండి. ఆకును కాండం నుంచి మెల్లగా వెనక్కి లాగి, ఆకు మొదలు చూడండి. వరికి అక్కడ చీలిన పల్చటి తెల్లపొర, పక్కన నూగుతో చిన్న కొడవలిలాంటి చెవులు ఉంటాయి. ఊదకు రెండూ ఉండవు, నున్నగా ఉంటుంది. వెన్ను తీశాక ఎవరైనా చెప్పగలరు. నాలుగైదు ఆకుల మొక్కతోనే సాధన చేయండి.