ముల్లు మార్చిన ఆదివారం

ఈరోజు ఉదయమంతా టర్న్‌టేబుల్ ముందే గడిచిపోయింది. స్పీకర్లు మార్చాలా, యాంప్లిఫయర్ మార్చాలా అని నెల రోజులుగా లెక్కలు వేసుకున్నవాణ్ని, చివరికి రికార్డు గాడిలో నడిచే ముల్లు (స్టైలస్) ఒక్కటే మార్చి చూద్దామనుకున్నాను. ముల్లు కదలికలను విద్యుత్ సంకేతాలుగా మార్చే భాగం కార్ట్రిడ్జ్; నా దగ్గరున్న ఆడియో-టెక్నికా వీఎం95 కార్ట్రిడ్జ్‌కు అదే వరుసలోని ఏ స్టైలస్ అయినా అమరుతుంది కనుక, పాత ఎలిప్టికల్ ముల్లును లాగి, ఇంకా సన్నని మొన ఉన్న మైక్రోలీనియర్ ముల్లు తొడగడానికి అర నిమిషం కూడా పట్టలేదు. ఆ తరువాతి పనికి మాత్రం మూడు గంటలు పట్టింది.

నన్ను ఇందుకు పురికొల్పినది ఎల్పీ రికార్డులలో ప్రతి వైపునా వచ్చే చివరి పాట. మొదటి పాట హాయిగా సాగేది. లేబుల్ దగ్గరపడే కొద్దీ ‘స’, ‘శ’ అక్షరాలు గీరినట్టుగా వినిపించేవి. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డు వెలుపలి అంచున ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల గాడి సాగితే, లోపలి చివర 21 సెంటీమీటర్లే సాగుతుంది. అంత తక్కువ చోటులో అదే గొంతును, అదే వాయిద్యాలను ఇరికించి చెక్కినప్పుడు వంపులు బిగుసుకుపోతాయి; మొన కాస్త మొద్దుగా ఉన్నా వాటిలోకి సరిగా దిగదు.

ముందుగా బల్ల మీద నీటిమట్టం పెట్టి చూస్తే, ప్లేయరు ఎడమవైపుకు ఒరిగి ఉంది. కాలి కింద మడిచిన అట్టముక్క పెట్టి సరిచేశాను. అసలు ఆశ్చర్యం తూకం దగ్గర ఎదురైంది. ముల్లును మోసే చెయ్యి లాంటి టోన్ ఆర్మ్ వెనకనున్న బరువు చక్రం మీద, ముల్లు గాడిపై ఎన్ని గ్రాములు మోపుతోందో చెప్పే అంకె 2 చూపిస్తోంది. కొత్తగా కొన్న చిన్న డిజిటల్ తూకం మీద ముల్లును ఆనిస్తే 2.6 గ్రాములు వచ్చింది. ఆర్మ్‌ను గాలిలో సమంగా తేలేలా నిలిపి సున్నా పెట్టడంలో నేను చేసిన అశ్రద్ధే దీనికి కారణం. రెండేళ్లుగా నేనా అంకెనే నమ్ముకుని రికార్డులు విన్నాను. చక్రాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ 2.00 దగ్గరకు తెచ్చేసరికి కాఫీ చల్లారిపోయింది. తరువాత ముల్లు కోణం సరిచూసే గీతల అట్ట పరిచి, కార్ట్రిడ్జ్‌ను బిగించే హెడ్‌షెల్ మరలు వదులు చేసి, కార్ట్రిడ్జ్‌ను ఒకటిన్నర మిల్లీమీటర్లు ముందుకు జరిపితే గానీ ముల్లు రెండు చుక్కల మీదా గీతలకు సమాంతరంగా నిలవలేదు. అన్నీ అయ్యాక స్విచ్ వేస్తే స్పీకర్లు గుయ్యిమన్నాయి. సర్దుతూ ఊడదీసిన ఎర్త్ తీగను, కార్ట్రిడ్జ్ సంకేతాన్ని పెంచే ఫోనో ప్రీయాంప్‌కు తిరిగి బిగించడం మరిచిపోయాను.

కొన్నేళ్ల క్రితం కొన్న వీణ కచేరీ ఎల్పీ వేశాను. చివరి పాటలో మీటు తెగిన చోటు, ఆ తరువాత తీగ మీద వేలు జారే సన్నని రాపిడి విడివిడిగా వినిపించాయి. స్పీకర్ల ఆలోచన అక్కడితో మానుకున్నాను.

ఆ ఉత్సాహంలో నాన్నగారి పెట్టెలోంచి పాత సినిమా పాటల రికార్డు తీశాను. గీరుడు ఏ మాత్రం తగ్గలేదు; పైగా కొత్త ముల్లు దాన్ని మరింత స్పష్టంగా వినిపించింది. తప్పు నా సర్దుబాటుదేనేమోనని మళ్లీ తూకం తీస్తుండగా, అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి నవ్వింది.

“ఆ రికార్డు ఎగిరెగిరి పడేదిరా. మీ నాన్నగారు ముల్లు నెత్తిన పావలా బిళ్ల పెట్టి టేపు అంటించేవారు.”

దేవుడి గూటిలోని చిల్లర డబ్బాలో ఒక పాత పావలా దొరికింది. తూకం మీద పెడితే రెండున్నర గ్రాములు తూగింది. నా ముల్లుకు నేను ఇంతసేపు తూచి తూచి పెట్టిన మొత్తం బరువుకన్నా అర గ్రాము ఎక్కువ! ఇది ఆనాటి సిరామిక్ పికప్ (పాత రకం కార్ట్రిడ్జ్) మోపే బరువుకు అదనం. గాడి గోడలు అప్పుడే అరిగిపోయాయి. ఇక ఏ ముల్లు తెచ్చినా వాటిని తిరిగి నిలబెట్టలేదు.

రికార్డును కవరులో పెట్టబోతుంటే అమ్మ ఆపింది. రెండో వైపు వెయ్యమంది. వేశాను. తనకు ఆ గీరుడు వినిపిస్తున్నట్టే లేదు.