అవ్వ రాత్రిపూట నడిచే దారి

తిరుపతిలో పెద్దవాళ్ళు ఇంట్లో జారి పడకుండా వాళ్ళ ఇళ్ళు చూడటానికి వెళ్ళే వాలంటీర్లకు మేం మొదట చెప్పేది ఒకటే. ఇల్లంతా సర్దే పని పెట్టుకోవద్దు. అవ్వ రాత్రి మంచం దిగి బాత్రూమ్‌కి వెళ్ళే దారి చూడండి, చాలు. లైట్లు ఆర్పేసి, ఆమె నడిచినట్టే మీరూ నిదానంగా నడవండి.

ఎక్కువ ఇళ్ళల్లో బాత్రూమ్ గుమ్మం ముందు పాత చీర మడిచి వేసి ఉంటుంది. నున్నటి టైల్స్ మీద అది కాలితోపాటే జారుతుంది. తీసేసి, అడుగున రబ్బరున్న పట్ట వేయించండి. రబ్బరుకి దుమ్ము పడితే పట్టు పోతుంది కాబట్టి వారానికోసారి కడగాలి. గడపకి పసుపు రాసే ఇంట్లో గడప మసక చూపుకీ ఆనుతుంది. నేలకీ గడపకీ ఒకే రంగు గ్రానైట్ వేసిన ఇళ్ళల్లోనే కాలు తట్టుకుంటుంది. అక్కడ అంచు పొడవునా పసుపురంగు టేపు అంటించండి.

బాత్రూమ్‌లో గ్రాబ్ బార్, అంటే పట్టుకుని లేవడానికి గోడకి బిగించే కడ్డీ, తప్పనిసరి. టవల్ రాడ్డు మనిషి బరువు ఆపదు. గాలిపట్టుతో టైల్‌కి అతుక్కునే రకం ఇంకా ప్రమాదం, సరిగ్గా బరువు పడ్డప్పుడే ఊడొస్తుంది. బార్ మందం అంగుళంపావు నుంచి అంగుళంన్నర, గోడకీ దానికీ మధ్య సందు అంగుళంన్నర ఉండాలి. సందు ఎక్కువైతే చెయ్యి అందులోకి జారి ఇరుక్కుంటుంది. కమోడ్ పక్కన నేల నుంచి 33–36 అంగుళాల ఎత్తులో బిగించాలి. బెజ్జం వేసే ముందు టైల్‌ని వేలితో కొట్టి వినండి. డొల్లగా మోగితే వెనక సిమెంటు లేదన్నమాట, చోటు మార్చండి. కుళాయికి నేరుగా పైన వద్దు, లోపల పైపుంటుంది. టైల్ దాటేదాకా డ్రిల్లుని హ్యామర్ మోడ్‌లో, అంటే కొడుతూ తిరిగేలా, పెట్టకూడదు, టైల్ పగులుతుంది. బిగించాక మీరే గట్టిగా వేలాడి చూడండి. కదిలిందంటే లెక్కలోకి రాదు.

ఇక మనిషి సంగతి. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కొచ్చి కూర్చోమనండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టే. కళ్ళు తిరుగుతున్నాయంటే అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి, నిలబడ్డాక 1, 3 నిమిషాలకు మళ్ళీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టరుకి చూపించాలి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపనివ్వొద్దు, బీపీవైనా నిద్రవైనా. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, చేతులూనకుండా కుర్చీలోంచి లేవడం వారానికి మూడు రోజులైనా చేయించండి. చేసేవాళ్ళకి తేడా తెలుస్తుంది, మానేస్తే ఆ బలం నిలవదు.

ఎవరైనా పడితే రెక్క పట్టి లేపొద్దు. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగిందనే అనుకోవాలి. కదపకుండా దుప్పటి కప్పి 108కి ఫోన్ చేయండి. ఆపరేషన్ అవసరం కావచ్చు, అందుకే కాఫీ, నీళ్ళు కూడా తాగించొద్దు.