గాలి మాత్రం ఫ్రీ

ఆదివారం, రాత్రి

ఇవాళ మా సైకిలు షాపు ముందు రేట్ల బోర్డు కట్టించాం. నాలుగడుగుల ఫ్లెక్సీ, పసుపు మీద ఎర్రక్షరాలు. పంక్చరు 50, బ్రేకు సెట్టింగ్ 60, చక్రం బెండు తీస్తే 100, ఫుల్ ఓవరాలింగ్ 600. అన్నిటికన్నా పైన లావుపాటి అక్షరాల్లో: ఆన్‌లైన్ సైకిల్ ఫిట్టింగ్ 350, గేర్ల సైకిలైతే 500. సామాను ఖరీదు అదనం.

ఈ నాలుగు ముక్కలు రాయించి కట్టడానికి ఇంట్లో దసరా నుంచి గొడవ. పెట్టాల్సిందే అని మా ఆవిడ, ససేమిరా అని నాన్న, మధ్యలో నేను. "యాభై ఏళ్ళ నుంచి ఈ బజార్లో కూర్చున్నా. ఒక్కరోజు గోడ మీద రేటు రాయలేదు. ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటారు?" అని ఆయన. "డాక్టరు దగ్గరికి వెళ్తే మందులు ఎక్కడ కొనుక్కున్నా ఫీజు ఇస్తాంగా మామయ్యా, ఇదీ అంతే" అని ఈవిడ. లెక్కల పుస్తకం రాసేది ఈవిడే కాబట్టి చివరికి ఈవిడ మాటే నెగ్గింది. కాకపోతే నాన్న ఒక షరతు పెట్టాడు. గాలి బోర్డు మీదికి ఎక్కకూడదు. షాపు తెరిచిన రోజు నుంచి పంపు బయటే వేలాడుతోంది, ఎవరైనా వచ్చి కొట్టుకోవచ్చు, అది అలాగే ఉండాలి. సరే అన్నాం.

ఆన్‌లైన్ వాళ్ళు మా బేరాలు పట్టుకుపోయారని అందరూ అంటారు. నిజమే. కానీ నన్నడిగితే మాకు దెబ్బ తగిలింది ఇంకో చోట. సైకిలు లూథియానా నుంచి వచ్చినా, చెన్నై నుంచి వచ్చినా, మా షాపుకి సైకిలుగా రాదు. ఫ్రేములు ఒక కట్ట, రిమ్ములు ఒక కట్ట, పుల్లలు (స్పోకులు), చక్రం మధ్యలో ఉండే హబ్బులు, మడ్‌గార్డులు, చైన్లు విడివిడిగా దిగుతాయి. వాటిని సైకిలుగా నిలబెట్టేది మా మేస్త్రి. చక్రాలకి పుల్లలు అల్లి, బెండు తీసి, కప్పుల్లో గ్రీజు పెట్టి బేరింగు గోళీలు పేర్చి, బ్రేకులు సరిగ్గా పట్టేలా చేసేసరికి ఒక పూట పడుతుంది. దానికి విడిగా ఎవరినీ రూపాయి అడిగింది లేదు. సైకిలు అమ్మితే మిగిలే ఆరేడు వందల్లోనే మేస్త్రి కూలీ, షాపు అద్దె, కరెంటు, కొన్నాక ఏడాది పొడుగునా చేసే చిల్లర సర్వీసు, అన్నీ సర్దుకునేవి. కొన్నవాళ్ళకి ఆ లెక్క కనపడేది కాదు. వాళ్ళకి వినపడింది 'ఫిట్టింగ్ ఫ్రీ, సర్వీసు ఫ్రీ' అన్నమాటే. ఇప్పుడు సైకిలు ఇంకెక్కడో కొని, ఆ ఫ్రీ ఒక్కటీ మా దగ్గర అడుగుతున్నారు. వాళ్ళని అని ఏం లాభం? ఇన్నేళ్ళూ విన్నదే అడుగుతున్నారు.

పొద్దున బోర్డు కట్టి నిచ్చెన దిగేలోపే మొదటి బేరం వచ్చింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగమట, సెలవులకి మా తెనాలి మారీసుపేటలో అత్తగారింటికి వచ్చాడు. కూతురికి గేర్ల సైకిలు ఆన్‌లైన్లో తెప్పించి నిన్న రాత్రి ఫోన్లో వీడియో చూస్తూ తనే బిగించాడు. కారు డిక్కీలోంచి దింపుతుంటే మేస్త్రి బాబాయ్ నా వంక చూసి నవ్వాపుకున్నాడు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వెనక్కి తిరిగి ఉంది. ఎడమ వైపు ఉండాల్సిన డిస్కు బ్రేకు కుడి వైపుకి వచ్చేసింది. చక్రాన్ని కూడా దానికి తగ్గట్టే తిప్పి బిగించాడు కాబట్టి బ్రేకు పడుతోంది, అందుకే ఆయనకి అనుమానం రాలేదు. కానీ హ్యాండిలు తిప్పితే పిల్ల కాలి వేళ్ళు ముందు చక్రానికి తగులుతాయి.

అసలు సమస్య అది కాదు, పెడలు. "ఎంత బిగించినా ఊగుతోందన్నా, పీస్ డిఫెక్ట్ అనుకుంటా" అన్నాడు. బాబాయ్ స్పానర్ పెట్టి పెడలు విప్పి ఆయన చేతిలో పెట్టాడు. ఇరుసు మీది మర గాడుల నిండా వెండి రంగు తురుము. పెడలు బిగించే కడ్డీ, అంటే క్రాంకు, అల్యూమినియం; పెడలు ఇరుసు ఉక్కు. కుడి పెడలుని ఎడమ క్రాంకులో పెట్టి బలవంతంగా తిప్పితే ఉక్కుకి ఏమీ కాదు, క్రాంకులో మరలన్నీ కోసుకుపోతాయి. ఎడమ పెడలుకి మర ఎదురు తిరిగి ఉంటుంది. మామూలు మరే ఉంటే తొక్కగా తొక్కగా అదే వదులై ఊడిపోతుంది కాబట్టి అలా చేశారు. ఇరుసు చివర చిన్నగా ఎల్ అనో ఆర్ అనో చెక్కి ఉంటుంది. బాబాయ్ గోటితో తురుము గీకి ఆ అక్షరం చూపించాడు.

కంపెనీకి ఫోన్ చేస్తే బిగించేటప్పుడు పోయినదానికి వారంటీ వర్తించదన్నారట. "మొత్తం ఎంతవుద్దన్నా?" అన్నాడు. నేను నోరు తెరవకుండా బోర్డు చూపించాను. ఫిట్టింగ్ 500, కొత్త క్రాంకు 450.

"వీడియోలో ఇరవై నిమిషాల పనన్నారే!"

"ఆ వీడియోలో ఆయన్ని కూడా పిలిపించు బాబూ, మేమూ చూస్తాం" అన్నాడు బాబాయ్ తల ఎత్తకుండా.

నవ్వాడు పాపం. మంచి మనిషే. ఇదే బోర్డు లేకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. నేను మూడొందలు అనేవాణ్ణి, ఆయన నూటయాభై అనేవాడు, రెండొందలకి దిగేవాళ్ళం, మనసులో ఇద్దరం తిట్టుకునేవాళ్ళం. గోడ మీద రాసి ఉంటే బేరం ఆడాలని అనిపించదేమో మనుషులకి. ఫోన్ పే కొట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చుని, బాబాయ్ చేసే పనంతా చూశాడు. మధ్యలో నాలుగు ప్రశ్నలు కూడా అడిగాడు, తెలివైన ప్రశ్నలే.

నాకు బాధనిపించింది పిల్లని చూస్తే. ఏడేళ్ళుంటాయి. తెచ్చింది 24 అంగుళాల చక్రాలది. సీటు పూర్తిగా కిందికి దించినా మునివేళ్ళు కూడా సరిగ్గా ఆనలేదు. ఆ వయసుకి 20 సరిపోతుంది. 'ఎదిగే పిల్లేగా, పెద్దది తీసుకుందాం' అని అందరు తల్లిదండ్రుల్లాగే ఆయనా అనుకున్నాడు. చెప్పుల విషయంలో చెల్లుతుందేమో గానీ సైకిలు విషయంలో అలా చెల్లదు. కాలు ఆనకపోతే పిల్లకి భయం, భయంతో ఏడాది పాటు సైకిలు మేడ మెట్ల కింద ఉంటుంది, ఏడాది తర్వాత ఆసక్తి పోతుంది. షాపుకి వచ్చి ఉంటే ఎక్కించి చూసి చెప్పేవాళ్ళం. ఆ చెప్పడానికి కూడా రేటు రాయాలా అని ఒక్క క్షణం అనిపించింది. రాయలేం.

మధ్యాహ్నం దాకా చిల్లర పనులు. పెదరావూరు పాలాయన 28 అంగుళాల పాత బండితో వచ్చాడు. వెనక కారియర్‌కి రెండు వైపులా క్యాన్లు, ఆ బరువుకి పుల్లలు తెగుతూనే ఉంటాయి. మనవడు ఫోన్లో టైరు చవగ్గా చూపించాడట. "కొనుక్కో తాతా, మేం ఎక్కిస్తాంలే" అన్నాను. "అది వచ్చేదాకా పాలు ఎవడు మోస్తాడు? నీ దగ్గరున్నదే ఎయ్యి" అన్నాడు. బోర్డు వంక చూడనే లేదు. చదువు రాక కాదు, అవసరం లేక.

టీచరమ్మగారు వచ్చారు, మా స్కూలు రోజుల్లో నాకు లెక్కలు చెప్పినావిడ. రిటైరై చాలా ఏళ్ళయినా కూరగాయలకి సైకిలు మీదే వెళ్తారు. ఆవిడ కూడా టైరు ఆన్‌లైన్లో తెప్పించారు, ఎంత లాగినా రిమ్ము మీదికి ఎక్కడం లేదట. చూడగానే అర్థమైంది. ఆవిడది 26 బై ఒకటీ మూడు బై ఎనిమిది. వచ్చింది 26 బై ఒకటి పాయింట్ తొంభై ఐదు. రెండూ 26లే. కానీ రిమ్ము మీద కూర్చునే చోట కొలిస్తే ఒకటి 590 మిల్లీమీటర్లు, ఇంకోటి 559. మూడు సెంటీమీటర్ల తేడా, దేవుడు దిగొచ్చినా ఎక్కదు. పాత టైరు పక్కన సన్నగా అచ్చేసిన 37-590 అంకె చూపిస్తే ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చదివి, "లెక్కల టీచర్ని అయ్యుండి భిన్నానికీ దశాంశానికీ మోసపోయానన్నమాట" అని నవ్వేశారు. రిటర్న్ గడువు దాటిపోయింది. మా దగ్గరున్న టైరు వేసి, ఆవిడ తెప్పించినది ఎవరికైనా సరిపోతే అమ్మిపెడతానని ఉంచుకున్నాను.

సాయంత్రం ఒక కుర్రాడు వచ్చి ముందు వరసలో ఉన్న గేర్ల సైకిలు ఎక్కాడు, దిగాడు, సీటు ఎత్తించుకుని మళ్ళీ ఎక్కాడు, ఆ చివరి దాకా ఒక రౌండు కొట్టాడు, ధర కాగితం ఫొటో తీసుకున్నాడు. "జీఎస్టీ తగ్గిందిగా అంకుల్, తగ్గించే వేశారా?" అన్నాడు. వేశాం. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిలు మీద పన్ను 12 శాతం నుంచి 5కి వచ్చింది, ఆరు వేల సైకిలుకి దాదాపు 375 రూపాయలు దిగింది. మాకూ దిగింది, ఆన్‌లైన్ వాళ్ళకీ దిగింది, కాబట్టి మా మధ్య తేడా అలాగే ఉంది. ఫొటో ఎందుకో నాకు తెలుసు, నాకు తెలుసని వాడికీ తెలుసు. ఒకప్పుడు మండేది. ఇప్పుడు మండదు. బాబాయ్ వాడే క్రాంకు పుల్లరు, చైను కట్టరు లాంటి పనిముట్లు నేను కొరియర్లోనే తెప్పించాను, విజయవాడ హోల్‌సేల్ షాపుల్లో ఆ రకం అడిగితే లేదన్నారు. వాడు అక్కడ కొంటే బిగించడానికి ఇక్కడికి వస్తాడు. రేటు గోడ మీద ఉంది.

షాపు సద్దుమణిగాక నాన్న తన పాత పల్లవి ఎత్తుకున్నాడు. మా బేరాలు పోయింది ఫోన్ల వల్ల కాదట, మోపెడ్ల వల్లట. 1980లో టీవీఎస్ 50 వచ్చింది, పాలవాళ్ళు, పోస్టు సామాను మోసేవాళ్ళు, చిన్న వ్యాపారులు ఒక్కొక్కరే దాని మీదికి మారారు. మా షాపు ముందు వరసగా నిలబెట్టిన గంట అద్దె సైకిళ్ళు అప్పట్నుంచే తగ్గుతూ వచ్చాయి. రాత్రిపూట లైటు లేకుండా తొక్కితే పోలీసులు గాలి తీసేసే రోజులు, ఆ గాలి కొట్టుకోవడానికీ మా దగ్గరికే వచ్చేవారట. తర్వాత ఆటోలు, స్కూలు బస్సులు. నాన్న ఇష్టంగా అమ్మింది అట్లాసు. 1951లో సోనీపత్‌లో పుట్టిన కంపెనీ, 2020 జూన్ 3న సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూసేసింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం. పేపర్లో చదివి అన్నం సయించక లేచిపోయాడు. విచిత్రం ఏమిటంటే అదే ఏడాది లాక్‌డౌన్ సడలించాక గేర్ల సైకిళ్ళకి జనం ఎగబడ్డారు, అడిగినవాళ్ళకి ఇవ్వడానికి స్టాకు లేదు.

"మరి బడికొస్తా సైకిళ్ళు?" అంది మా ఆవిడ. గవర్నమెంటు స్కూలు ఆడపిల్లలకి ప్రభుత్వం సైకిళ్ళిచ్చిన పథకం. ఒక్కటీ మా షాపులో కొన్నది కాదు. కానీ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలందరి పంక్చర్లూ, బ్రేకులూ ఇక్కడికే వచ్చాయి, పదీ ఇరవైకి చేసి పంపాం. వేరేవాళ్ళిచ్చిన సైకిలుకి పని చేయడం మాకు కొత్తేమీ కాదని ఆవిడ వాదన. కొత్తది డబ్బు అడగడమేనట. నాన్న దగ్గర జవాబు లేదు. పంపు లోపల పెట్టడానికి లేచాడు.

రాత్రి షట్టరు దించి లెక్క చూసుకుంటే సైకిలు అమ్మకం సున్నా. టైర్లు, క్రాంకు మీద మిగిలింది కొద్దిగా. కూలీ మాత్రం చాలా రోజుల తర్వాత కంటికి ఆనేంత ఉంది. అందులో టీచరమ్మగారి టైరు మార్చిన కూలీ లేదు. నేను లోపల ట్యూబు వెతుకుతుంటే నాన్న 'మీ దగ్గర తీసుకుంటామా అమ్మా' అని పంపించేశాడట. మా ఆవిడ ఏమీ అనలేదు. పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన 'మామయ్యగారి ఖాతా' అని రాసి, కింద 70 వేసింది.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ చూశాడు. కాసేపు చూసి, "పొద్దున ఎనిమిదింటి నుంచి కూర్చున్నాను. నా కూలీ ఏ పేజీలో వేశావమ్మా?" అన్నాడు.