పావు వంతు నీళ్లే

ఆదివారం. పొద్దున ఎనిమిదికే మిద్దె కాళ్లు పెట్టలేనంతగా కాలిపోతోంది. గంగమ్మ జాతర వారం కదా, వీధి చివర డప్పులు మోగగానే పాప వేషాలు చూడ్డానికి పరుగెత్తింది. అందుకని చేపల తొట్టి పని నేనొక్కదాన్నే మొదలుపెట్టాను.

నీళ్లు నిన్న పొద్దున కుళాయి వచ్చినప్పుడే పట్టి, హాల్లో ఓ మూలన మూత లేకుండా పెట్టుకున్నాను. మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ కలుపుతారు, మనకది మంచిదే గానీ చేపల మొప్పల్ని దెబ్బతీస్తుంది. ఒక రోజు అలా తెరిచి ఉంచితే చాలావరకు పోతుంది. అయినా నా భయం నాది, షాపులో అమ్మే యాంటీ క్లోరిన్ చుక్కలు కూడా సీసా మీద రాసిన లెక్క ప్రకారం వేస్తాను. మిద్దె మీద ట్యాంకు నీళ్లు మాత్రం ఈ నెలల్లో అస్సలు ముట్టను, ఆ వేడికి మనమే స్నానం చెయ్యలేం, ఇంక అవేం తట్టుకుంటాయి.

ముందు ఫిల్టరు, లైటు రెండూ స్విచ్ ఆపి ప్లగ్గులు పీకేశాను. తడి చేతులతో చేసే పని, దీంట్లో బద్ధకం పనికిరాదు. ఒక మూతి వెడల్పుగా ఉండే పైపు నిండా నీళ్లు నింపి, ఆ మూతిని తొట్టి నీళ్లలో ఉంచి, రెండో కొస వేలితో మూసి కింద బకెట్టులో వదిలితే నీళ్లు వాటంతటవే దిగుతాయి, నోటితో పీల్చాల్సిన పని లేదు. ఆ వెడల్పు మూతిని తొట్టి అడుగున గులకరాళ్లలోకి గుచ్చగానే లోపల్నించి పొగలాగా మడ్డి లేచింది. తిని వదిలేసిన గింజలు, చేపల పెంట, ఊడిన ఆకు ముక్కలు అన్నీ కలిసి గోధుమ రంగులో సుడి తిరుగుతూ పైపులోకి పోతుంటే, రాళ్లు మాత్రం కాస్త లేచి మళ్లీ గలగలా కిందికి పడుతున్నాయి.

అత్తమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి చూసి, "ఇంత మడ్డి ఉంటే పావు వంతు తీసి ఆపేస్తావేంది మ్మా, మొత్తం పారబోసి తళతళా కడిగేస్తే పోలా?" అంది.

పోయిన ఏడు నేను చేసింది అదే. చేపల్ని గిన్నెలో వేసి, నీళ్లన్నీ పారబోసి, రాళ్లు, ఫిల్టరు స్పాంజి, అద్దాలు అన్నీ గిన్నెలు తోమే సబ్బుతో రుద్ది, కుళాయి నీళ్లు నేరుగా పట్టేశాను. అద్దంలాగా మెరిసింది, ఫోటోలు కూడా తీసుకున్నాను. మరుసటి రోజు పొద్దున లేచేసరికి ఆరు చేపలూ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాయి. నాలుగు రోజుల్లో నాలుగు పోయాయి. వాటిలో పాప "బుజ్జి" అని పిలుచుకునే నారింజ రంగు గోల్డ్‌ఫిష్ ఒకటి, అద్దం మీద వేలు పెడితే చాలు, వెంటే వచ్చేది. కరివేపాకు చెట్టు మొదట్లో పాతిపెట్టాం. ఆ రాత్రి పాప అన్నం తినలేదు, ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు గొంతు పట్టుకుంటుంది.

ఎందుకు పోయాయో తర్వాత చదివి తెలుసుకున్నాను, క్లోరిన్, సబ్బు దెబ్బ ఒక్కటే కాదు. చేపల పెంట నుంచి అమ్మోనియా పుడుతుంది, అది వాటికి విషం. స్పాంజిలో, రాళ్ల మీద కాపురముండే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, నైట్రేట్ మాత్రం అంత ప్రమాదం కాదు, కాకపోతే పేరుకుపోతుంది, దాన్ని తగ్గించడానికే వారం వారం కొన్ని నీళ్లు మార్చేది. నేను సబ్బుతో, క్లోరిన్‌తో కడిగేసింది మురికిని ఒక్కదాన్నే కాదు, ఆ కాపురాన్ని కూడా. అది మళ్లీ కుదురుకోడానికి వారాలు పడుతుంది.

ఇదంతా చెబితే అత్తమ్మ, "పెరుక్కి తోడంటు లాంటిదన్నమాట" అంది. సరిగ్గా అదే. చట్టి కడిగేసినా తోడంటుకు కాస్త పెరుగు దాచుకుంటాం కదా.

అందుకే స్పాంజిని కుళాయి కింద పెట్టను, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండుతాను. ఈ రోజు చిక్కటి టీ డికాక్షన్‌లాగా దిగింది. తెల్లగా అయ్యేదాకా పిండను, నీళ్లు పారితే చాలు. అద్దం మీది పాచిని ఒట్టి స్పాంజి ముక్కతో గీకాను. తొట్టిని కిటికీ ఎండకు దూరంగా జరిపాక పాచి సగానికి సగం తగ్గింది.

మాది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి. లెక్కకు 56 లీటర్లు, రాళ్లూ పైన వదిలిన జాగా పోను 45 అనుకుంటే పావు వంతంటే 11 లీటర్ల పైచిలుకు, ఒక బకెట్టుకు లోపే. కొత్త నీళ్లు పోసే ముందు ముంజేయి ఒకసారి తొట్టిలో, ఒకసారి బకెట్టులో పెట్టి చూశాను, పసిపిల్లల స్నానం నీళ్లు చూసినట్టు. రెండూ ఒకేలా అనిపించాకే రాళ్ల మీద సాసరు పెట్టి, దాని మీద మగ్గుతో మెల్లగా పోశాను. ఎండాకాలంలో నీళ్లు ఆవిరై తగ్గుతుంటాయి, తగ్గినంత పోసి నీళ్లు మార్చేశాం అనుకోవద్దు. ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు లోపలే ఉండిపోతాయి.

మధ్యాహ్నం గంటసేపు కరెంటు పోయింది. వేడి నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ నిలుస్తుంది, పైగా ఫిల్టరు ఆగిపోయింది, నాకు టెన్షన్ పట్టుకుంది. పాప అప్పటికే వచ్చేసింది, ఇద్దరం వంతులు వేసుకుని మగ్గుతో తొట్టి నీళ్లే ముంచి జానెడు ఎత్తు నుంచి పోస్తూ కూర్చున్నాం. తొట్టిలోని మాలీ చేపలు ఆ బుడగల్లోకి దూరి ఆడుకున్నాయి.

తీసిన మురికి నీళ్లు బాత్రూములో పోయబోతే అత్తమ్మ బకెట్టు లాక్కుంది. మల్లె చెట్టుకు, కరివేపాకుకు పోసి వచ్చి, "వచ్చే ఆదివారం కూడా నాకే ఇయ్యాల" అని చెప్పి, ఖాళీ బకెట్టు తొట్టి పక్కనే పెట్టింది.