కృష్ణ ఒడ్డున 365 వత్తులు

2024 నవంబరు 15, కార్తీక పౌర్ణమి. ఆఫీసుకి సెలవు పెట్టి పొద్దున్నే ఒంగోలులో ఆర్టీసీ బస్సెక్కాను. బ్యాగులో ఒక జత బట్టలు, తెల్ల కొవ్వొత్తి, నల్ల పిడి చిన్న కత్తి, సగం నిండిన నోటుబుక్కు. ప్రకృతినీ చంద్రుణ్ణీ కొలిచే విక్కా అనే పాశ్చాత్య మంత్రమార్గం నేర్చుకోవడం మొదలుపెట్టి అప్పటికి తొమ్మిది నెలలు. పౌర్ణమి రాత్రి చేసుకునే పూజని అందులో ఎస్బాట్ అంటారు. అన్నాళ్లూ గది తలుపేసుకుని చేశాను. ఈసారి కృష్ణ దగ్గర చేయాలనిపించింది. విజయవాడలో పిన్ని ఉంది.

విక్కా వేల ఏళ్ల నాటిదని మొదట్లో నేనూ అనుకున్నాను. కాదు. ఇంగ్లండులో మంత్రవిద్య మీదున్న చట్టం 1951లో రద్దయింది. ఆ తర్వాత, మలయాలో (ఇప్పటి మలేసియా) కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరైన జెరాల్డ్ గార్డ్‌నర్ 1954లో పుస్తకం రాసి ఈ మార్గాన్ని లోకానికి చెప్పాడు. డోరీన్ వాలియంటే అనే ఆవిడ దాని మంత్రపాఠాలను చక్కటి భాషలో తిరిగి రాసింది. ఇంత కొత్తదని తెలిశాక నాకు ఇష్టం ఇంకా పెరిగింది. పాత కథల్లోంచి, చెట్ల మీద, చంద్రుడి మీద ప్రేమలోంచి మనుషులు శ్రద్ధగా అల్లుకున్నది కదా.

ఏడాదికి ఎనిమిది పండగలు. అక్టోబరు 31న వచ్చే సోవిన్ నాటికి అక్కడ కోతలు అయిపోయి చలికాలం మొదలవుతుంది. చిలకలూరిపేట దాటాక కిటికీలోంచి చూస్తే పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది, మిర్చి ఇంకా పచ్చగా ఉంది. వాళ్ల పంచాంగం ఈ నేలకి సరిపోదని నోటుబుక్కులో రాసుకున్నాను.

పిన్ని వాళ్లది సింగ్‌నగర్. సెప్టెంబరులో బుడమేరు ముంచేసిన వీధి. హాల్లో గోడ మీద నీటి గీత నా ఛాతీ దాకా ఉంది. గీత కింద సున్నం పొట్టులా లేచిపోయి, వేలు తగిలితే రాలుతోంది. చెక్క బీరువా అడుగు ఉబ్బి తలుపు పడటం లేదు. నేనేమో ప్రతి పౌర్ణమికీ పడమటి దిక్కున గిన్నెడు నీళ్లు పెట్టి జలాన్ని రమ్మని పిలుస్తున్నాను. ఆ గోడ ముందు చాలాసేపు నిలబడిపోయాను.

మధ్యాహ్నం పిన్ని అరటి దొప్పలు కోస్తూ నా కత్తి అడిగింది.

‘‘అది కొయ్యడానికి కాదు పిన్నీ. దాన్ని అథామే అంటారు. దాంతో గాల్లో వలయం గీస్తారు, అంతే. కొయ్యడానికి తెల్ల పిడిది వేరే ఉంటుంది.’’

పిన్ని గొంతు తగ్గించింది. ‘‘ఇదేం చేతబడి లాంటిది కాదు కదమ్మా?’’

కాదని చెప్పాను. ఎవరికీ హాని చేయకుండా నీకు తోచింది చేసుకో అనేదే అందులో మొదటి మాట. అయినా ఆమె భయంలో అర్థముంది. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో దిక్కులేని ముసలివాళ్లని కొట్టి చంపిన ఊళ్లు మన దగ్గర ఉన్నాయి. పాశ్చాత్య దేశాల్లో ఆడవాళ్లు ‘విచ్’ అన్న మాటని గర్వంగా పెట్టుకుంటారు, వాళ్లంటే నాకు గౌరవం. కానీ ఇక్కడ నన్ను నేను మంత్రగత్తె అని ముద్దుగా చెప్పుకోలేను. ఆ మాట వల్ల దెబ్బలు తిన్నది నేను కాదు.

సాయంత్రం పున్నమి ఘాట్‌లో కాలు పెట్టే చోటు లేదు. ఫోన్లో దిక్కులు చూసుకున్నాను. నది వైపు తిరిగితే ఎదురుగా దక్షిణం, విక్కాలో అగ్ని దిక్కు. నీళ్ల మీద వందల దీపాలు. కుడివైపు పడమర, జలం దిక్కు. కృష్ణ వస్తున్నదే అటు నుంచి. వెనక ఉత్తరాన కొండలు, అది భూమి దిక్కు. ఎడమవైపు తూర్పు, వాయువు దిక్కు. అటే ఇంద్రకీలాద్రి పక్క నుంచి చంద్రుడు పైకొస్తున్నాడు. కత్తి బ్యాగులోంచి తీయలేదు. అంత జనంలో తీయకూడదు కూడా.

పిన్ని నేతిలో నానిన 365 వత్తుల కట్టని ప్రమిదలో పెట్టి అంటించింది. ముందు పొగ, చిటపటలు, తర్వాత ఒక్కసారిగా బొటనవేలంత లావు మంట.

‘‘ఏడాదంతా దీపం పెట్టని రోజులుంటాయిగా. ముఖ్యంగా సెప్టెంబరులో ఇల్లే లేదు, దీపం ఎక్కడ పెడతాను? వాటన్నిటికీ ఇదే.’’

విక్కాలో దీక్ష తీసుకునే ముందు ఒక ఏడాదీ ఒక రోజూ నేర్చుకోవాలని ఆనవాయితీ. నా నోటుబుక్కులో రాయకుండా వదిలేసిన పేజీలు చాలా ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా టెన్షన్‌గా ఉండేది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలేమో అని. పిన్ని మాట విన్నాక అది పోయింది.

నా కొవ్వొత్తి గాలికి రెండుసార్లు ఆరింది. మూడోసారి పిన్ని ప్రమిద దగ్గరికి జరిపి, ‘‘ఇందులోంచి అంటించుకో’’ అంది. అంటించుకున్నాను. పైకి ఏమీ చదవలేదు. మైనం వేళ్ల మీదికి కారేదాకా చంద్రుణ్ణి చూస్తూ కూర్చున్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, తడిసిన చీర అంచు పిండుకుంటూ పిన్ని అడిగింది, వచ్చే పున్నమి ఎప్పుడని.

‘‘డిసెంబరు 15. ఆదివారమే.’’

‘‘అయితే రా. ఈలోపు హాలుకి సున్నం వేయిస్తా.’’