మార్చి 15 తర్వాత మా ఇంట్లో మాటలు

న్యూజిలాండ్‌లోని మా క్రైస్ట్‌చర్చ్‌లో పెరిగే పిల్లలకు బల్ల కింద దూరడం ఏబీసీడీలతో పాటే వచ్చేస్తుంది. 2011 ఫిబ్రవరి 22 భూకంపంలో 185 మంది పోయారు. అప్పటినుంచి స్కూళ్లలో డ్రిల్లులు మామూలే. అందుకే 2019 మార్చి 15, శుక్రవారం మధ్యాహ్నం టీచర్లు తలుపులు బిగించి, కర్టెన్లు దించి, చప్పుడు చేయకుండా నేల మీద కూర్చోమంటే, అప్పటికి తొమ్మిదేళ్ల మా అమ్మాయి అదీ డ్రిల్లే అనుకుంది. కానీ భూకంపమైతే కాసేపటికి గ్రౌండ్‌లోకి తీసుకెళ్తారు. ఆ రోజు సాయంత్రం దాకా గది దాటనివ్వలేదు. బాత్రూమ్‌కి కూడా పంపలేదట. ఆ పిల్లకు ఇప్పటికీ బాగా గుర్తున్నది అదే.

డీన్స్ అవెన్యూలోని అల్ నూర్ మసీదులోనూ, తర్వాత లిన్‌వుడ్‌లోని ఇంకో మసీదులోనూ నమాజుకు వచ్చిన వాళ్ల మీద ఒకడు కాల్పులు జరిపాడు. మొత్తం 51 మంది చనిపోయారు.

"ఏదో గొడవ జరిగిందట అని చెప్పి ఊరుకుందాం" అన్నారు మా ఆయన. నేను ఒప్పుకోలేదు. సోమవారం స్కూల్లో ఎలాగూ వింటుంది. మనం దాచామన్న సంగతి కూడా ఆ రోజే తెలుస్తుంది. ఆ తర్వాత మనం ఏం చెప్పినా నమ్మదు. అందుకని జరిగింది జరిగినట్టు, పొట్టిగా చెప్పాను. ఒకతను మసీదులో ప్రార్థన చేసుకుంటున్న వాళ్లను తుపాకీతో కాల్చాడు, చాలామంది చనిపోయారు, పోలీసులు అతన్ని పట్టుకున్నారు. ఎందుకు కాల్చాడని అడుగుతుందనుకుని జవాబు వెతుక్కుంటూ కూర్చున్నాను. ఆమె అడిగింది వేరే. "ఎలా పట్టుకున్నారు?"

మంచి ప్రశ్న. చిన్న ఊళ్ల నుంచి ట్రైనింగ్ కోసం సిటీకి వచ్చిన ఇద్దరు పోలీసులు దారిలో అతని కారును గుర్తుపట్టి, తమ కారుతో గుద్ది ఆపారు. మొదటి ఫోన్ వెళ్లిన సుమారు 20 నిమిషాల్లోనే దొరికాడు. ఈ ముక్క ఆ వారమంతా పడుకునే ముందు చెప్పించుకుంది. టీవీ మాత్రం కట్టేశాం. ఒకే వార్తను రోజంతా తిప్పితిప్పి చూపిస్తే చిన్నపిల్లలకు అది మళ్లీ మళ్లీ జరుగుతున్నట్టే ఉంటుంది.

పెద్దవాడి సంగతి వేరు. వాడు హైస్కూలు. హంతకుడు తన ఘోరాన్ని ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టాడు. మొదటి 24 గంటల్లోనే 15 లక్షల కాపీలు తీసేశామని ఆ కంపెనీయే చెప్పింది. "చూశావా?" అని సూటిగా అడిగితే టీనేజ్ పిల్లాడు చెప్పే జవాబు ఎవరికైనా తెలిసిందే. "మీ క్లాసులో ఎవరికైనా వచ్చిందా?" అని అడిగాను. అప్పుడు నోరు విప్పాడు. అందరికీ వచ్చిందట. వీడు కొంచెం చూసి ఆపేశాడట. తిట్టలేదు. ఏం కనబడిందో కూడా చెప్పించలేదు. రాత్రి నిద్ర పడుతోందా, అన్నం తినాలనిపిస్తోందా అని మాత్రం అడిగాను.

అదే వీడియో హైదరాబాద్ నుంచి మా ఫ్యామిలీ గ్రూప్‌లోకీ వచ్చిపడింది. న్యూజిలాండ్‌లో సెన్సార్ దాన్ని నిషేధించింది, దగ్గర పెట్టుకున్నా నేరమే అని రాస్తే తీసేశారు. కానీ దాని కింద ఒకాయన పెట్టిన వాయిస్ మెసేజ్ మిగిలిపోయింది. పోయింది వాళ్లేగా, మనకెందుకు అన్న ధోరణి. మావాడు పక్కనే ఉండి విన్నాడు. వాడికి చదవడం రాకపోయినా తెలుగు బాగానే అర్థమవుతుంది. చనిపోయిన వాళ్లలో హైదరాబాద్ వాళ్లు, కరీంనగర్ వాళ్లు కూడా ఉన్నారని గ్రూప్‌లో రాశాను. "మన ఊరి వాళ్లు కాకపోతే బాధపడక్కర్లేదా?" అని వాడు నన్నే నిలదీశాడు. వాడన్నది నిజమే. కానీ ఆ గ్రూప్‌లో పనిచేసేది 'మన ఊరి వాళ్లు' అన్న మాటొక్కటేనని నాకు తెలుసు, వాడికి తెలియదు. సోమవారం సాయంత్రం హాగ్లీ పార్కులో వేలమంది విద్యార్థులు చేరి హాకా, అంటే అరుస్తూ కాళ్లు నేలకు కొడుతూ చేసే మావోరీల సంప్రదాయ నృత్యం, చేశారు. మావాడూ వెళ్లాడు, గొంతు పోగొట్టుకుని వచ్చాడు. నేను చెప్పిన అన్ని మాటలకన్నా అదే వాడికి ఎక్కువ పనిచేసింది. భయపడ్డ పిల్లలకు చేయడానికి ఏదో ఒక పని ఉండాలి.

అమ్మ ఫోన్ చేసి "ఆ దేశం మీకొద్దు, సర్దుకుని వచ్చేయండే" అని ఏడ్చింది. స్పీకర్ ఆన్‌లో ఉంది. "ఇండియాలో ఇలా జరగదా అమ్మమ్మా?" అంది చిన్నది. ఫోన్‌లో మాట లేదు. 2007 ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్‌లో బాంబులు పేలినప్పుడు మేం హైదరాబాద్‌లోనే ఉన్నాం. నలభై మందికి పైగా పోయారు. పిల్లలతో మాట్లాడాలన్న ఆలోచన అప్పుడు మా చుట్టుపక్కల ఎవరికీ లేదు. సినిమాకు వెళ్లొద్దు, రద్దీలో తిరగొద్దు, అంతే. ఆ కథంతా పిల్లలకు చెప్పాను. "మళ్లీ అక్కడ చాట్ తిన్నారా?" అని అడిగింది చిన్నది. కొన్నాళ్లు వెళ్లలేదు, తర్వాత తిన్నాం అన్నాను.

ఇక మాటల్లో రాని భయాలు ఒంట్లోంచి బయటపడ్డాయి. హెలికాప్టర్ చప్పుడైతే చెవులు మూసుకోవడం, రాత్రి మా గదిలోకి వచ్చేయడం. నవంబరులో ఇక్కడి వాళ్లు గై ఫాక్స్ అనే వేడుకకు కాల్చే టపాకాయలు మొదలయ్యే ముందు, ఏ రోజు ఎన్నింటికి చప్పుళ్లు వస్తాయో ముందే చెప్పి పెట్టేదాన్ని. దీపావళికి కాకరపువ్వొత్తులతో సరిపెట్టుకున్నాం.

2020 ఆగస్టు 27న శిక్ష పడింది. జీవితఖైదు, పెరోల్ లేదు. ఈ దేశంలో అలాంటి శిక్ష అదే మొదటిసారి. "అయితే ఎప్పటికీ బయటికి రాడు కదా?" అని రెండుసార్లు అడిగి నిర్ధారించుకుని, చిన్నది ఆటకు వెళ్లిపోయింది. పెద్దవాడు మాత్రం, అన్నేళ్లు వాడికి తిండి ఖర్చు మనమెందుకు పెట్టాలని వాళ్ల నాన్నతో వాదన పెట్టుకున్నాడు. అన్నాలు చల్లారిపోయేదాకా తెగలేదు.